దెబ్బ తగిలి వచ్చిన హెర్నియా: ఆపరేషన్ ఇప్పుడా, తర్వాతా? కుట్లా, మెష్షా?

ఎద్దు కుమ్మింది. చర్మం చిట్లలేదు, నెత్తురు రాలేదు. పొత్తికడుపు పక్కన గుప్పెడంత వాపు మాత్రం లేచింది. ఇలాంటప్పుడు ఊళ్లో చాలామంది అనే మాట ఒకటే: "రక్తం గడ్డకట్టింది, కాపడం పెడితే కరిగిపోద్ది." చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. కొద్దిమందిలో మాత్రం ఆ వాపు రక్తపు గడ్డ కాదు, పేగు. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి దెబ్బకు అది తట్టుకుంటుంది. దాని కింద ఉన్న కండరాలు, వాటి మీది గట్టి పొర తట్టుకోలేక చిరిగిపోతాయి. ఆ చిరుగులోంచి పేగు చర్మం కిందికి వచ్చేస్తుంది. ఇదే దెబ్బ హెర్నియా. మామూలు హెర్నియాలు చాలావరకు నెలలు, ఏళ్ల మీద మెల్లగా పెరుగుతాయి. ఇది ఒక్క క్షణంలో వస్తుంది.

ఇది అరుదైన గాయం. పొట్టకు మొద్దు దెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా ఉండదు. వైద్య పత్రికల్లో దీన్ని మొదటిసారి 1906లో వర్ణించారు. అరుదు కావడం వల్లే సలహా దొరకడం కష్టం. గజ్జల్లో హెర్నియా అయితే వీధికొకరు చేయించుకున్నవాళ్లు ఉంటారు, అనుభవం చెబుతారు. దీని గురించి చెప్పేవాళ్లు దొరకరు. దొరికినా వాళ్లకు పనికొచ్చిన పద్ధతి మీకు పనికిరాకపోవచ్చు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి దారితీసే సందర్భాలకు కొదవ లేదు. పొలంలో ఎద్దు కొమ్ము. సైకిల్ మీంచి పడ్డ పిల్లాడి పొట్టలో గుచ్చుకున్న హ్యాండిల్. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కారు గుద్దుకున్నప్పుడు పొట్ట మీద బిగుసుకున్న సీటు బెల్టు. ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడటం. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో రాయి, యంత్రం మధ్య నలగడం. ఇవన్నీ ఒకే రకం దెబ్బలు కావు, వాటికి వైద్యం కూడా ఒకటి కాదు.

ఇంటివాళ్లు డాక్టర్ని ముందుగా అడిగేది "కెమెరా ఆపరేషనా, కోతా? మెష్ వేస్తారా?" అని. కెమెరా ఆపరేషన్ అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు దించి చేసేది. మెష్ అంటే చిరుగు మీద మాసికలా వేసే వల. నా దృష్టిలో వాళ్లు అడిగేది మూడో ప్రశ్న. మొదటిది, లోపల ఇంకేం దెబ్బతిన్నాయి? రెండోది, ఈ చిరుగును ఇప్పుడే కుట్టాలా, కొన్నాళ్లు ఆగాలా? ఈ రెండూ తేలితే మూడోదానికి జవాబు చాలావరకు దానంతటదే వస్తుంది. తలకిందులుగా మొదలుపెట్టి, కెమెరా ఆపరేషన్ ఎక్కడ చేస్తారని ఆసుపత్రుల చుట్టూ తిరిగితే పోయేది అసలైన సమయం.

మొదటి రోజు చేయాల్సింది

ఒక హెచ్చరికతో మొదలుపెడతాను. దెబ్బ తగిలిన చోట లేచిన వాపులోకి స్కాన్ చూడకుండా ఎవరినీ సూది గుచ్చనివ్వొద్దు, గాటు పెట్టనివ్వొద్దు. "చెడు రక్తం తీసేస్తే తగ్గిపోద్ది" అని ఎంత నమ్మకంగా చెప్పినా సరే. లోపల ఉన్నది పేగైతే ఆ సూది పేగులోకే పోతుంది. గట్టిగా మర్దనా చేయడం, వాపును లోపలికి నొక్కడం కూడా అంతే ప్రమాదం.

చేయించాల్సిన పరీక్ష సీటీ స్కాన్. అల్ట్రాసౌండ్‌లో కండరం చిరుగు కనిపించవచ్చు, లోపల నెత్తురు చేరిందా అన్నది త్వరగా తెలుస్తుంది. కానీ చిరుగు ఎంత వెడల్పు, ఏ పొరలు తెగాయి, కాలేయం, ప్లీహం, పేగులు, వెన్నెముక ఎలా ఉన్నాయి అన్నవన్నీ ఒకేసారి చూపించేది సీటీయే. సాధారణంగా రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు (అవయవాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చేది, కిడ్నీలు బలహీనంగా ఉంటే వాటికి భారం కావొచ్చు) ఎక్కించి తీస్తారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల వాళ్లు ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మనకు తెలుసు. చాలామందికి అది ఉన్నట్టు ముదిరేదాకా తెలియదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉన్నా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష పాత రిపోర్టు ఉన్నా స్కాన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పండి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి ఇంజెక్షన్లు, మాత్రలు సొంతంగా వాడొద్దు. లోపల నెత్తురు కారుతోందన్న అనుమానం బలంగా ఉంటే మాత్రం క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా స్కాన్ ఆపకూడదు. ఏది ముందన్నది అక్కడి డాక్టర్ నిర్ణయం.

దెబ్బ ఎంత బలమైనది అన్నదాన్ని బట్టి లోపలి గాయాల అనుమానం మారుతుంది. కారు ప్రమాదంలో సీటు బెల్టు పడిన చోట పొట్టకు అడ్డంగా చారలా కమిలి ఉంటే పేగు, దాన్ని పట్టి ఉంచే పొర తెగి ఉండొచ్చు, నడుము వెన్నుపూస విరిగి ఉండొచ్చు. మొదటి సీటీ బాగానే ఉన్నా ఆసుపత్రిలో ఉంచి గమనించాల్సిన చార అది. పేగులో చిన్న రంధ్రం ఉంటే కొన్ని గంటలు గడిచాక గానీ బయటపడకపోవచ్చు. సైకిల్ హ్యాండిల్ దెబ్బ బయటికి చిన్నగా కనిపిస్తుంది. అది బొడ్డుకు పైన, మధ్యలో తగిలితే క్లోమం, చిన్నపేగు మొదటి భాగం వెన్నెముకకు ఆనుకుని నలిగిపోవచ్చు. ఆ గాయం ఒకటి రెండు రోజుల తర్వాత వాంతులతో, తగ్గని నొప్పితో తెలుస్తుంది. "ఆడుకుంటున్నాడు కదా" అని ఇంటికి తీసుకెళ్లిపోయిన పిల్లాడిని ఆ రెండు రోజులూ కంట కనిపెట్టుకుని ఉండాలి.

(ఈ మాటలు చదివి బెల్టు పెట్టుకోవడం మానేస్తే అంతకంటే నష్టం లేదు. బెల్టు లేకపోతే పోయేది ప్రాణం. కింది పట్టీ మెత్తటి పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చునేలా పెట్టుకోవాలి.)

ఇప్పుడా, ఆగాలా?

ఎక్కువ తర్జనభర్జన జరగాల్సింది ఇక్కడే.

కొన్ని పరిస్థితుల్లో ఎంపిక అనేదే లేదు. బీపీ పడిపోతోంది, పొట్ట బల్లలా గట్టిపడింది, పేగు చిల్లుపడిందని స్కాన్‌లో తేలింది, చర్మం కూడా తెగి పేగు బయటికొచ్చింది, లేదా వాపులో ఇరుక్కున్న పేగుకు రక్తం అందడం లేదు. ఇందులో ఏ ఒక్కటున్నా వెంటనే పొట్ట తెరవాల్సిందే, సాధారణంగా మధ్యలో నిలువు కోతతో. ఆ ఆపరేషన్ మొదటి లక్ష్యం హెర్నియా కాదు, ప్రాణం. నెత్తురు ఆపడం, తెగిన పేగు సరిచేయడం అయ్యాక కండరాలు బాగుండి, పొట్ట శుభ్రంగా ఉంటే అప్పుడే చిరుగు కూడా కుడతారు. లేకపోతే తాత్కాలికంగా మూసి హెర్నియాను తర్వాతకు వదిలేస్తారు. "అంత పెద్ద ఆపరేషన్ చేసి హెర్నియా అలాగే వదిలేశారు" అని బంధువులు బాధపడుతుంటారు. మలం, పైత్యం పడిన పొట్టలో, నలిగిపోయిన కండరానికి వేసిన కుట్టు నిలవదు. అక్కడ మెష్ పెడితే చీము పట్టే అవకాశం ఎక్కువ. వదిలేయడం ఆ సర్జన్ నిర్లక్ష్యం కాదు, చాలాసార్లు మంచి నిర్ణయం.

రెండో పరిస్థితి పూర్తిగా వేరు. దెబ్బ చిన్న చోట తగిలింది, ఎద్దు కొమ్మో, హ్యాండిలో. స్కాన్‌లో చిరుగు తప్ప ఇంకేమీ లేదు. మనిషి నిలకడగా ఉన్నాడు. ఇలాంటివాళ్లకు అదే అడ్మిషన్‌లో, కొద్ది రోజుల్లోనే కుట్టించుకోవడం మేలని నా అభిప్రాయం. చిరిగిన అంచులు ఇంకా దూరం జరగలేదు, దగ్గరికి లాగితే వస్తాయి. చిరుగు ఇరుకుగా ఉంటే తొందర ఇంకా ఎక్కువ అవసరం. ఇరుకు మెడ ఉన్న హెర్నియాలోనే పేగు ఇరుక్కుని నలిగే ప్రమాదం ఎక్కువ. ఇది చాలామంది అనుకునేదానికి వ్యతిరేకం. వాపు పెద్దదైతే ప్రమాదమని, చిన్నదైతే ఫర్వాలేదని అనుకుంటారు. బయటి వాపు సైజు కాదు, లోపలి చిరుగు వెడల్పు అడగండి. సీటీ రిపోర్టులో అది సెంటీమీటర్లలో రాసి ఉంటుంది.

మూడోది కారు, లారీ ప్రమాదాల్లో వచ్చే పెద్ద చిరుగు. నడుము పక్కన మూడు పొరల కండరమూ తుంటి ఎముక నుంచి ఊడిపోయి ఉంటుంది. చుట్టూ ఉన్న కండరం కమిలి, ఉబ్బి ఉంటుంది. పక్కటెముకలు గానీ, తుంటి ఎముక గానీ విరిగి ఉంటుంది. ఇక్కడ వెంటనే కుడితే మళ్లీ ఊడిపోవడం ఎక్కువ. అందుకే చాలామంది సర్జన్లు మూడు నుంచి ఆరు నెలలు ఆగుతారు. వాపు దిగి, ఎముకలు అతుక్కుని, గాయపడిన కండరంలో ఏది బతికింది, ఏది పోయింది అన్నది తేలాక శుభ్రమైన చోట మెష్‌తో గట్టిగా చేస్తారు. ఆగడానికి కూడా ఒక ధర ఉంది. నెలలు గడిచేకొద్దీ కండరం కుంచించుకుపోయి చిరుగు వెడల్పవుతుంది. పొట్టలోని పేగులు ఎక్కువగా బయటి సంచిలోనే ఉండిపోతే వాటిని తిరిగి లోపల సర్దడం కష్టమవుతుంది. అంటే ఆగడం వేరు, మర్చిపోవడం వేరు. డిశ్చార్జి రోజునే తర్వాతి చెకప్ తేదీ రాయించుకోండి.

ఆపరేషనే వద్దనుకోవడం కూడా కొందరికి సరైన ఎంపికే. పైబడిన వయసు, గుండె, ఊపిరితిత్తుల జబ్బు, వెడల్పాటి మెడ ఉండి ఇబ్బంది పెట్టని హెర్నియా. వాళ్లకు పొట్ట బెల్టు, క్రమం తప్పకుండా డాక్టర్‌కు చూపించుకోవడం చాలు. బెల్టు వాపును లోపల ఉంచుతుంది, సౌకర్యం ఇస్తుంది, చిరుగును మాత్రం మాన్పదు.

ఆగుతున్న నెలల్లో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాల్సిన లక్షణాలివి: పడుకుంటే లోపలికి పోయే వాపు పోకుండా గట్టిపడటం, దాని మీద నొప్పి, ఎరుపు, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం. అప్పుడు ఏమీ తినకుండా, తాగకుండా, వాపును నొక్కకుండా 108కి ఫోన్ చేయాలి. తెల్లారాక చూద్దాం అనుకునే జబ్బు కాదది.

కుట్లు మాత్రమేనా, మెష్ కూడానా?

మెష్ అంటే భయం ఎక్కువ. "ఒంట్లో ప్లాస్టిక్ పెట్టించుకోవడమా" అంటారు. హెర్నియాలకు వాడే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వల దశాబ్దాలుగా వాడుకలో ఉంది. దాని బలం గురించి గట్టి లెక్క ఒకటి ఉంది, అయితే అది దెబ్బ హెర్నియాలది కాదు, పాత ఆపరేషన్ కోత దగ్గర వచ్చే హెర్నియాలది. నెదర్లాండ్స్‌లో రెండు పద్ధతులనూ పోల్చి చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. కుట్లు మాత్రమే వేసినవాళ్లలో మూడేళ్లలో 43 శాతం మందికి హెర్నియా తిరిగి వచ్చింది, మెష్ వేసినవాళ్లలో 24 శాతం మందికి. దెబ్బ హెర్నియా అరుదు కాబట్టి అంత పెద్ద పరీక్ష దాని మీద చేయడం సాధ్యం కాదు. కానీ పొట్ట గోడ అదే, లాగే బలాలు అవే. నెలల తర్వాత చేసే పెద్దవాళ్ల ఆపరేషన్లకు మెష్ ఉండాలని నేను అనుకోవడానికి కారణం ఇదే.

అయితే మూడు సందర్భాల్లో కుట్లే మేలు. చిన్న చిరుగు, తాజా గాయం, అంచులు లాగుడు లేకుండా కలుస్తున్నాయి. ఇక్కడ పొరపొరగా, కరగని దారంతో కుడితే సరిపోతుంది. రెండోది పేగు తెగి పొట్టలో మలినం పడిన సందర్భం. మూడోది ఎదిగే పిల్లలు. పిల్లలతో పాటు మెష్ ఎదగదు.

మలినం పడిన చోట వాడటానికి జంతు కణజాలంతో తయారైన మెష్‌లు ఉన్నాయి. అవి చాలా ఖరీదు, కాలక్రమేణా సాగిపోయి హెర్నియా తిరిగి రావడమూ ఉంది. పొట్ట శుభ్రపడేదాకా ఆగగలిగితే, తర్వాత మామూలు మెష్‌తో చేయించుకోవడమే డబ్బుకీ, ఫలితానికీ మంచిది. ఇల్లు తాకట్టు పెట్టి ఖరీదైన మెష్ కొనే ముందు "ఆగితే ఏమవుతుంది?" అని సర్జన్ని సూటిగా అడగండి.

మెష్ కంపెనీ పేరు కంటే అది ఏ పొరలో పెడుతున్నారన్నది ముఖ్యం. గోనె సంచికి మాసిక వేసేటప్పుడు చిరుగు కంటే గుడ్డ పెద్దది తీసుకుంటాం కదా, మెష్ కూడా అంతే, చిరుగు చుట్టూ దాదాపు ఐదు సెంటీమీటర్లు దాటి పరుచుకోవాలి. అంత చోటు దొరికేది కండరాలకు వెనక, పొట్ట లోపలి పొరకు ముందు. లోపలి ఒత్తిడి కూడా అక్కడ మెష్‌ను గోడకు నొక్కి ఉంచుతుంది. కండరానికి పైన, చర్మం కింద పెట్టడం తేలిక, కానీ నీరు చేరడం, చీము పట్టడం ఎక్కువ. నేరుగా పేగులకు తగిలేలా లోపల పెట్టాల్సి వస్తే మామూలు మెష్ పనికిరాదు, పేగులు దానికి అతుక్కుపోతాయి. అందుకు ఒకవైపు పూత ఉన్న మెష్ కావాలి, అది ఖరీదెక్కువ. బిల్లులో మెష్ ధర పెద్దగా కనిపిస్తే తేడా అక్కడుండొచ్చు.

త్వరలో పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇబ్బంది లేని హెర్నియా అయితే కాన్పు అయ్యాక చేద్దామనే సలహా రావొచ్చు.

కోతా, కెమెరానా?

ఈ ప్రశ్నకు ఇంతసేపు ఆగినందుకు మన్నించండి, దాని చోటు ఇదే. కెమెరా ఆపరేషన్‌లో గాయాలు చిన్నవి, నొప్పి తక్కువ, చీము తక్కువ, త్వరగా లేచి తిరుగుతారు. లోపల ఇంకేమైనా దెబ్బతిన్నదా అని చూడటానికీ పనికొస్తుంది. కానీ బీపీ నిలకడగా లేని మనిషికి అది పనికిరాదు. సాధారణంగా పూర్తి మత్తు కావాలి. ఆస్తమా, పాత టీబీ మచ్చలు, పొగతో పాడైన ఊపిరితిత్తులు ఉన్నవాళ్లకు పొత్తికడుపు దిగువ హెర్నియా అయితే వెన్నుకు మత్తిచ్చి కోతతో చేయడమే భద్రం కావొచ్చు. వెడల్పాటి చిరుగు, ఎముక నుంచి ఊడిన కండరం, చర్మం కూడా పాడైన చోటు, ఇవన్నీ కోతకే మొగ్గుతాయి.

"ఈ చోట వచ్చిన హెర్నియాలు మీరు ఏ పద్ధతిలో చేస్తుంటారు?" అని అడగండి. తనకు అలవాటైన కోత ఆపరేషన్ చేసే సర్జన్, అలవాటు లేని కెమెరా ఆపరేషన్ చేసే సర్జన్ కంటే మేలు.

నడుము పక్కన వచ్చే హెర్నియాకు ఇంకో చిక్కుంది. కింది అంచు తుంటి ఎముక. అక్కడి నుంచి కండరం ఊడిపోతే కుట్టు వేయడానికి మెత్తటి కణజాలం మిగలదు. ఎముకకు రంధ్రం చేసి, లేదా ఎముకలోకి చిన్న లోహపు కొక్కెం దింపి దానికి మెష్‌నూ, కండరాన్నీ బిగించాలి. ఆ ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోండి, ఎముకల డాక్టర్ సాయం కూడా అవసరం కావొచ్చు. ఇంకో సంగతి, నడుము పక్కన ఉబ్బిన ప్రతిదీ చిరుగు కాదు. కండరానికి వెళ్లే నరం దెబ్బతిని కండరం వదులైపోయినా అలాగే ఉబ్బుతుంది. దానికి హెర్నియా ఆపరేషన్ చేస్తే ఆశించిన ఫలితం రాదు. రెండింటినీ వేరుచేసి చూపేది మళ్లీ సీటీయే.

డయాఫ్రం చిరిగితే లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పింది పొట్ట గోడ గురించి. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు తెర, డయాఫ్రం, చిరిగితే పైన చెప్పిన "ఆగొచ్చు", "వదిలేయొచ్చు" అన్న మాటలు చెల్లవు. కారు ప్రమాదంలోనో, ఎత్తు నుంచి పడినప్పుడో, కత్తిపోటుకో ఇది చిరుగుతుంది. కుడివైపు కాలేయం అడ్డం ఉంటుంది కాబట్టి ఎక్కువగా బయటపడేది ఎడమవైపే. ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీ పొట్టలోని అవయవాలను పైకి లాగుతుంది. ఆ కదలిక ఆగదు, అందుకే ఆ చిరుగు తనంతట తాను మానుతుందని ఆశ పెట్టుకోలేం. జీర్ణాశయం, పెద్దపేగు మెల్లగా ఛాతీలోకి ఎక్కుతాయి.

బాధాకరమైన సంగతి ఏమిటంటే ఇది మొదటి రోజు తప్పిపోగలదు. మొదటి ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. వెంటిలేటర్ మీద ఉన్నంతకాలం ఆ గాలి ఒత్తిడి పేగుల్ని కిందనే పట్టి ఉంచి, తీసేశాక బయటపడొచ్చు. కొందరిలో నెలలు, ఏళ్లు గడిచాక కనిపిస్తుంది. తిన్న తర్వాత ఎడమ ఛాతీలో బరువు, ఆయాసం. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతుంటారు. ఎక్స్‌రేలో ఛాతీలో నీరు, గాలి ఉన్నట్టు కనిపిస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరనుకుని గొట్టం వేయబోతారు. ఆ గొట్టం జీర్ణాశయంలోకి దిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి ఎప్పుడో జరిగిన ప్రమాదమైనా సరే, ఛాతీ సమస్యతో వెళ్లినప్పుడు "నాలుగేళ్ల కిందట బండి మీంచి పడ్డాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టర్ ఆలోచన మార్చేస్తుంది. ముక్కులోంచి జీర్ణాశయంలోకి గొట్టం వేసి ఎక్స్‌రే తీస్తే అది ఛాతీలో చుట్టుకుని కనిపించడం పాతకాలం నాటి మంచి ఆధారం.

దారి ఎంపిక ఇలా ఉంటుంది. తాజా గాయమైతే పొట్ట వైపు నుంచి చేయడం మేలు, ప్లీహం, పేగుల దెబ్బలు కూడా అటునుంచే సరిచేయాలి కాబట్టి. పాతదైతే పేగులు ఊపిరితిత్తికి అతుక్కుని ఉండొచ్చు, అప్పుడు ఛాతీ వైపు నుంచి, లేదా రెండు వైపుల నుంచీ వెళ్లాల్సి వస్తుంది. చాలా చిరుగులను లావుపాటి కరగని దారంతో నేరుగా కుట్టేయొచ్చు, మెష్ అవసరమయ్యేది పెద్ద లోటు ఉన్నప్పుడే. నిలకడగా ఉన్న మనిషికి కెమెరాతోనూ చేస్తారు. అయితే పొట్టలోకి ఎక్కించే గాలి చిరుగు గుండా ఛాతీలోకి పోయి ఊపిరితిత్తిని నొక్కేయగలదు. మత్తు డాక్టర్ దానికి సిద్ధంగా ఉండాలి. అందుకే డయాఫ్రం విషయంలో నా సలహా వెనకాముందు లేకుండా ఒకటే: ఐసీయూ, వెంటిలేటర్, ఛాతీ సర్జన్ మూడూ ఉన్న చోటికే వెళ్లండి.

పిల్లల సంగతి

సైకిల్ హ్యాండిల్ రబ్బరు ఊడిపోయి ఇనుప గొట్టం బయటికి కనిపిస్తుంటే ఇవాళే మార్పించండి. ఆ గుండ్రటి అంచే పొట్టలో దిగుతుంది, చర్మం మీద గుండ్రటి మచ్చ పడుతుంది. పిల్లల్లో పొరపొరగా కుట్టడంతో మంచి ఫలితం వస్తుంది. చాలా చిన్న చిరుగైతే, లోపల దెబ్బ లేదని తేలితే కొందరు సర్జన్లు కుట్టకుండా గమనిస్తారు, కొన్ని మూసుకుపోయాయి కూడా. ఆ నిర్ణయం పిల్లల సర్జన్‌ది.

ఎక్కడికి వెళ్లాలి, డబ్బు ఎలా?

ప్రాణాపాయం ఉంటే దగ్గర్లో సర్జన్, రక్తం, మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రే మంచి ఆసుపత్రి. శ్రీకాకుళంలో రిమ్స్‌గా అందరూ పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. నెత్తురు కారుతున్న మనిషిని వాటిని దాటించి నేరుగా విశాఖ తీసుకెళ్లొద్దు. శ్రీకాకుళం నుంచి విశాఖ నూరు కిలోమీటర్లకు పైనే. నిలకడపడ్డాక డయాఫ్రం, తుంటి ఎముక దగ్గరి పెద్ద చిరుగు లాంటి వాటికి విశాఖలోని కేజీహెచ్ వంటి పెద్ద ఆసుపత్రికి రిఫర్ చేయించుకోవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు విశాఖ కంటే బరంపురం చాలా దగ్గర, అక్కడ ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. ప్రాణం మీదికొస్తే రాష్ట్ర సరిహద్దు చూడొద్దు. నిదానంగా చేయించుకునే ఆపరేషన్ అయితే మన రాష్ట్ర పథకం అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

రాష్ట్ర ఆరోగ్య పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన నగదురహిత చికిత్స వేరు: ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా. రెండింటికీ తేడా తెలియడం ఇక్కడ ముఖ్యం. మొదటి వారంలో జరిగే అత్యవసర ఆపరేషన్‌కు కేంద్ర పథకం పనికొస్తుంది. ఆరు నెలల తర్వాత చేసే మెష్ ఆపరేషన్‌కు అది వర్తించదు, రాష్ట్ర పథకాన్నో, సొంత బీమానో చూసుకోవాలి. అలా అని ఏడు రోజుల గడువు కోసం తొందరపడి, ఆగాల్సిన ఆపరేషన్ చేయించుకోవద్దు.

మొదటి రోజు కాగితాల్లో "దెబ్బ తర్వాత పొట్ట గోడ మీద వాపు" అని రాయించండి. ప్రమాదాన్ని పోలీసు కేసుకు సంబంధించిన మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. లేకపోతే నెలల తర్వాత పరిహారం అడిగేటప్పుడు "ఈ హెర్నియా పాతదే" అన్న వాదన ఎదురవుతుంది. మనవాళ్లు చాలామంది చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. అక్కడ పడి, అక్కడ మొదటి ఆపరేషన్ అయి, మిగతాది ఇంటికొచ్చి చేయించుకుంటారు. వాళ్లు తప్పక తెచ్చుకోవాల్సినవి సీటీ సీడీ, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన నోట్స్. లోపల మెష్ ఉందో లేదో, ఏ పొరలో ఉందో తెలియకుండా రెండోసారి కోయడం సర్జన్‌కు చాలా కష్టం.

ఆగే నెలల్లో, ఆ తర్వాత

ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్‌కు ఒక మంచి ఉంది, ఒంటిని సిద్ధం చేసుకునే వ్యవధి. పొగ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మన జిల్లాల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా పొగే. అమ్మమ్మ కాలుస్తుందని డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడొద్దు. గాయం మానకపోవడానికి, దగ్గుతో కుట్లు తెగడానికి అది కారణం. షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి, మలబద్ధకం, పాత దగ్గు ఉంటే ముందే మందు వాడుకోవాలి.

ఆపరేషన్ మర్నాడే లేచి నడవడం మంచిది. బరువులు మాత్రం కనీసం ఆరు వారాలు ముట్టకూడదు. ధాన్యం బస్తా ఎత్తడం, చెట్టెక్కడం, బరువు మోసే కూలి పని ఉన్నవాళ్లు మూడు నెలల దాకా ఆగాలని సర్జన్ చెప్పొచ్చు. ఆ నెలల కూలి నష్టాన్ని ఆపరేషన్ ఖర్చులోనే కలిపి లెక్క వేసుకోండి. వరికోతల ముందు చేయించుకుని వారానికే పొలానికి వెళ్లేకంటే, పనులు తగ్గిన రోజులు చూసుకుని తేదీ అడగడం మేలు. మెష్ వేసిన చోట మెత్తగా నీరు చేరి ఉబ్బడం మామూలే, చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. దాన్నీ సూదితో తీయించొద్దు. జ్వరం, ఎరుపు, చీము కారడం ఉంటే మాత్రం ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి. డయాఫ్రం కుట్టించుకున్నవాళ్లకు ఊపిరి వ్యాయామాలు మందులంత ముఖ్యం. ఆ తర్వాత ఎప్పుడైనా తిన్నాక ఛాతీలో బరువు, ఆయాసం మొదలైతే గ్యాస్ మాత్ర కొనకుండా ఎక్స్‌రే తీయించుకుని పాత కాగితాలతో సహా చూపించండి.